అమ్మకాలున్నాయి, ఎదుగుదల లేదు: ఒక చౌక మొబైల్ సర్వీసు కేస్ స్టడీ

ఈ కేసు ఒక బడ్జెట్ మొబైల్ సర్వీసు సంస్థది. నెలనెలా కొత్త కనెక్షన్లు బాగానే అమ్ముడవుతున్నాయి, మొత్తం చందాదారుల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. చౌక సర్వీసు నడిపేవాళ్లు ఈ స్థితిలో పడగానే చేసే మొదటి పని ధర ఇంకా తగ్గించడం. ఈ సంస్థ కూడా అదే చేసింది, దాంతో ఇంకా ఇరుక్కుంది. చివరికి ఎదుగుదల వచ్చింది వేరే దారిలో. సిమ్ చేతికొచ్చిన మొదటి వారంలో చందాదారుకి ఏం జరుగుతోందో చూసి, దాన్ని సరిచేశాకే లెక్కలు కదిలాయి. అందుకే ఈ కేసు రాసి ఉంచాలనిపించింది.

సంస్థ పేరు, దేశం, ఏ నెట్‌వర్క్ మీద నడుస్తోంది, ప్లాన్ల ధరలు, చందాదారుల అంకెలు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. నా పని ఆపరేషన్స్ వైపు: యాక్టివేషన్, పోర్టింగ్ (పాత నంబరుతోనే ఆపరేటర్ మారడం), కస్టమర్ కేర్, టోకు బిల్లుల లెక్క. మార్కెటింగ్ గురించి ఇందులో పెద్దగా ఉండదు.

నేపథ్యం

ఇలాంటి సంస్థకి సొంత టవర్లుండవు, స్పెక్ట్రమ్ ఉండదు. పెద్ద నెట్‌వర్క్ దగ్గర నిమిషాలు, మెసేజ్‌లు, డేటా టోకున కొని, తన బ్రాండు మీద, తన సిమ్‌తో చిల్లరగా అమ్ముకుంటుంది. మా రంగంలో వీటిని ఎంవీఎన్‌ఓలు (మొబైల్ వర్చువల్ నెట్‌వర్క్ ఆపరేటర్లు) అంటాం. 1999లో బ్రిటన్‌లో వర్జిన్ మొబైల్ వన్‌టూవన్ నెట్‌వర్క్ మీద మొదలైన తర్వాత ఈ పద్ధతి చాలా దేశాలకి పాకింది. అదే దేశంలో 2009లో ఓటూ నెట్‌వర్క్ మీద వచ్చిన గిఫ్‌గాఫ్ మామూలు కాల్ సెంటర్ పెట్టుకోలేదు, సభ్యుల సందేహాలకి సభ్యులే జవాబులు చెప్పే ఏర్పాటు చేసింది. అమెరికాలో మింట్ మొబైల్ 3, 6, 12 నెలల డబ్బు ఒకేసారి కట్టించుకుని నెలసరి ధర తగ్గించింది. రెండూ చౌక సర్వీసులే. కానీ రెండింటిలోనూ తగ్గిన ధర వెనక తగ్గిన ఖర్చు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది.

మా కేసులోని సంస్థకి అలాంటిదేమీ లేదు. పెద్ద ఆపరేటర్ ఎలా నడుస్తాడో అలాగే నడుస్తూ, ధర మాత్రం తక్కువ పెట్టింది. కాల్ సెంటర్ ఉంది, డీలర్లున్నారు, నెలసరి ప్లాన్లున్నాయి. టోకు ఒప్పందం ప్రకారం ప్రతి నిమిషానికి, ప్రతి మెగాబైటుకి విడివిడిగా కట్టాలి. పైగా ఏటా ఇంత తప్పనిసరిగా కొనాలన్న షరతు కూడా ఉంది.

ఈ వ్యాపారం ఎంత సన్నటి లాభం మీద నడుస్తుందో తెలియడానికి ఒక ఊహా లెక్క చెప్తాను. ఇది ఆ సంస్థది కాదు. చందాదారు 100 కడితే 60 టోకు బిల్లుకి పోయిందనుకోండి. పన్ను, చెల్లింపుల గేట్‌వే, సిమ్, దాన్ని పంపే ఖర్చు, డీలర్ కమీషన్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అద్దె పోను 10 మిగిలితే గొప్ప. ఆ చందాదారు నెలలో ఒక్కసారి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, అవతలి ఉద్యోగి ఇరవై నిమిషాలు మాట్లాడితే ఆ 10 అక్కడే అయిపోతుంది. రెండోసారి చేస్తే ఎదురు పెట్టాలి. పెద్ద ఆపరేటర్‌కి కస్టమర్ కేర్ ఖర్చుల్లో ఒకటి. చౌక సర్వీసుకి లాభమా నష్టమా తేల్చేది అదే.

వాళ్లు చెప్పిన సమస్య

యాజమాన్యం నాకు చెప్పింది ఇది: "అమ్మకాలకి లోటు లేదు. కానీ వచ్చినంతమందీ పోతున్నారు. పోటీవాడు మనకన్నా ఇంకా తక్కువకి ఇస్తున్నాడు, అందుకే పోతున్నారు." దీనికి ఆధారం అడిగితే కనెక్షన్ వదిలేసేవాళ్లతో నింపించిన ఫారాలు చూపించారు. ఎక్కువమంది 'ధర' అనే గడిలో టిక్కు పెట్టారు.

ఆ ఫారాన్ని నేను నమ్మలేదు. వెళ్లిపోయే మనిషికి గొడవ అక్కర్లేదు, త్వరగా బయటపడితే చాలు. ధర అని టిక్కు పెడితే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. పైగా ధర నిజంగా కారణమైతే, మార్కెట్లో దాదాపు అతి తక్కువ ధర ఉన్న సర్వీసు నుంచి జనం ఎక్కడికి పోతున్నారు? పోర్ట్‌ఔట్ రికార్డులు తీయించి చూశాం. చాలామంది వెళ్లింది వాళ్లు వదిలేసి వచ్చిన పాత ఆపరేటర్ దగ్గరికే. అక్కడ ధర ఎక్కువ. అంటే ఎక్కువ కట్టడానికి సిద్ధపడి మరీ వెనక్కి పోతున్నారు. అప్పటికి తేలినది అంతే అయినా, ధర కథ నిలవదని అర్థమైంది.

అప్పటికే చేసిన ప్రయత్నాలు

నేను వెళ్లేసరికే వాళ్లు మూడు ప్రయత్నాలు చేసి ఉన్నారు. మూడూ విఫలమయ్యాయి. ఎందుకు విఫలమయ్యాయో చూడకపోతే తర్వాతి నిర్ణయాలు అర్థం కావు.

మొదటిది ధర తగ్గింపు. టోకు బిల్లు వాడకం మీద పడుతుంది కాబట్టి చిల్లర ధర తగ్గినా అది తగ్గదు. తగ్గించిన ప్రతి పైసా మిగులులోంచే పోయింది. చేరేవాళ్లు కొంత పెరిగారు, పోయేవాళ్లు కూడా అంతే పెరిగారు.

రెండోది అన్‌లిమిటెడ్ డేటా ప్లాన్. మెగాబైటుకి ఇంతని టోకున కొనేవాడు చిల్లరలో హద్దు లేకుండా అమ్మితే ఎవరొస్తారు? ఎక్కువ వాడేవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. డేటా వాడకం ఎప్పుడూ సమంగా ఉండదు, కొద్దిమంది మొత్తంలో పెద్ద భాగం వాడతారు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇల్లంతా నడిపేవాళ్లు ఈ ప్లాన్‌లో చేరారు. వాడకం రికార్డులు నెట్‌వర్క్ నుంచి గంటల ఆలస్యంగా అందేవి. వేగం తగ్గించాల్సిన సమయానికి వాడకం హద్దు ఎప్పుడో దాటిపోయి ఉండేది. ఆ ప్లాన్ కొన్న మంచి చందాదారులూ ఉన్నారు, కానీ మొత్తం మీద ప్లాన్ నష్టంలోనే నడిచింది.

మూడోది డీలర్ కమీషన్ పెంపు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 'అమ్మకాలు బాగున్నాయి' అన్న భ్రమ ఇక్కడే పుట్టింది. కమీషన్ సిమ్ యాక్టివేట్ అయిన రోజే ఇచ్చేవారు. మొదటి నెలకి పరిచయపు ధర ఉండేది. డీలర్ ఏం చేస్తాడు? నెల తిరిగేసరికి అదే మనిషికి ఇంకో కొత్త సిమ్ ఇస్తాడు. ఆ మనిషికి మళ్లీ పరిచయపు ధర, డీలర్‌కి మళ్లీ కమీషన్. లెక్కల్లో ఒకడు పోయాడు, ఒకడు వచ్చాడు. నిజానికి మనిషి ఒక్కడే. సిమ్ నంబర్లతో కాకుండా ఫోన్ ఐఎంఈఐతో (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యతో) లెక్క కడితే ఇది బయటపడింది: కొత్త సిమ్‌లలో గణనీయమైన భాగం గత నెలలో మా నెట్‌వర్క్ మీదే తిరిగిన ఫోన్లలో పడుతోంది. డీలర్లని తప్పుపట్టడానికి లేదు. దేనికి డబ్బిస్తే వాళ్లు అదే చేస్తారు.

లెక్క తిప్పి చూడటం

సంస్థ ప్రతి నెలా ఒకే ఒక్క నిష్క్రమణ శాతం చూసుకునేది. నెలకి 100 మందిలో 5 మంది పోతున్నారంటే చందాదారు సగటున 20 నెలలు ఉంటాడని లెక్క వస్తుంది. అంకగణితం సరైనదే, కానీ అలా 20 నెలలుండే మనిషి నిజంగా ఎక్కడా లేడు. ఒక గుంపు మూడు వారాల్లోనే పోతోంది, ఇంకో గుంపు ఏళ్ల తరబడి ఉంటోంది. సగటు ఈ రెండింటినీ కలిపేసి ఏదీ కనిపించకుండా చేస్తోంది.

అందుకని ఏ వారం చేరినవాళ్లని ఆ వారం గుంపుగా విడదీశాం. ప్రతి గుంపులోనూ మొదటి రీచార్జ్, రెండోది, మూడోది ఎంతమంది చేశారో వరుసగా పెట్టాం. ఏ వారం గుంపు తీసుకున్నా గీత ఒకేలా వచ్చింది: మొదట్లో నిట్టనిలువుగా పడుతుంది, మూడో రీచార్జ్ దాటాక దాదాపు చదునైపోతుంది. మూడోసారి రీచార్జ్ చేసిన మనిషిని పోటీవాడి ధర కూడా పెద్దగా కదిలించలేకపోతోంది. అదే ధర కట్టి, అదే నెట్‌వర్క్ వాడుతూ కొందరు ఏళ్లుంటే, ఇంకొందరు మూడు వారాలు కూడా ఉండటం లేదు. తేడా ధరలో లేదు, కవరేజీలో లేదు. అయితే మొదటి వారాల్లోనే ఎక్కడో ఉండాలి.

తర్వాతి అడుగు మీద యాజమాన్యంతో కొంత వాదన జరిగింది. వాళ్లు పోయినవాళ్లకి ఫోన్ చేసి సర్వే చేద్దామన్నారు. నేను వద్దన్నాను. సర్వేలో మళ్లీ 'ధర' అనే జవాబే వస్తుంది. దానికి బదులు, మొదటి నెలలోనే వెళ్లిపోయినవాళ్లు వెళ్లకముందు కస్టమర్ కేర్‌కి చేసిన కాల్స్ రికార్డింగులు వింటే చాలన్నాను. కోపం చల్లారాక చెప్పే కారణం కన్నా, ఇబ్బందిలో ఉన్నప్పుడు మాట్లాడిన మాట నమ్మదగినది. విన్నాం. రెండే రెండు విషయాలు మళ్లీ మళ్లీ వచ్చాయి: నెట్ రావడం లేదు, నంబర్ పోర్ట్ కావడం లేదు.

సిగ్నల్ ఉండీ నెట్ రాని సిమ్

అలాంటి ఒక కాల్ ఇది. పెద్దాయన, మర్యాదస్తుడు.

"సిగ్నల్ నిండుగా చూపిస్తోందమ్మా, ఫోన్లు వస్తున్నాయి, నెట్ మాత్రం రావట్లేదు."

"మీరు మాట్లాడుతున్నది ఆ ఫోన్‌లోనేనా సార్?"

"అవునమ్మా, నాకున్నది ఇదొక్కటే."

"అయితే స్పీకర్ ఆన్ చేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి సార్. మొబైల్ నెట్‌వర్క్ అని ఉంటుంది చూడండి."

అలా మొదలై, యాక్సెస్ పాయింట్ నేమ్స్ (ఏపీఎన్) అనే చోటికి చేరడానికే చాలాసేపు పట్టింది. కొత్త ఏపీఎన్ చేర్చమన్నారు. ఆయన ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టారు. సేవ్ చేశారు, రాలేదు. మళ్లీ తెరిచారు, మళ్లీ కొట్టారు. చివరికి ఆ అమ్మాయే పట్టుకుంది: కీబోర్డు సూచించిన మాటని ఆయన నొక్కినప్పుడు చివర ఒక ఖాళీ జాగా చేరుతోంది. అది కంటికి కనపడదు. ఆ ఖాళీ తీసేస్తే నెట్ వచ్చింది. ఆమె ఓపికకి మెచ్చుకోవాలి. కానీ ఆ ఒక్క కాల్‌తో ఆయన నుంచి రాబోయే కొన్ని నెలల మిగులు హరించుకుపోయింది. ఆయన మూడో రీచార్జ్ చెయ్యలేదు.

ఇలా ఎందుకవుతుంది? ఫోన్ డేటా కోసం నెట్‌వర్క్‌ని అడిగేటప్పుడు ఏపీఎన్ పేరు చెప్పాలి. ఏ సిమ్‌కి ఏ ఏపీఎన్ వాడాలో ఫోన్ తయారీదారు ముందే పట్టిక పెట్టి పంపుతాడు. ఫోన్ సిమ్‌లోని దేశం కోడ్, నెట్‌వర్క్ కోడ్ చూస్తుంది. ఎంవీఎన్‌ఓ సిమ్‌లో ఆ కోడ్‌లు ఆతిథ్య నెట్‌వర్క్‌వే, అంటే టోకున అమ్మే పెద్ద నెట్‌వర్క్‌వే కావచ్చు. అప్పుడు తేడా తెలియడానికి సిమ్‌లో జీఐడీ1 అనే చిన్న ఫైల్ ఉంటుంది, అందులో ఎంవీఎన్‌ఓ గుర్తు రాసుంటుంది. మా సంస్థ మొదట కొన్న సిమ్‌లలో ఆ ఫైల్ ఖాళీ. దాంతో ఫోన్ ఇది పెద్ద నెట్‌వర్క్ సిమ్మేననుకుని వాళ్ల ఏపీఎన్ అడుగుతుంది. ఈ చందాదారుకి ఆ ఏపీఎన్ వాడే హక్కు లేదు కాబట్టి నెట్‌వర్క్ నిరాకరిస్తుంది. నెట్‌వర్క్ లాగుల్లో (జరిగినవన్నీ నమోదయ్యే రికార్డుల్లో) కారణం కోడ్ 27 అని పడుతుంది, ఏపీఎన్ తెలియనిది లేదా లేదు అని దాని అర్థం. కాల్స్‌కి ఈ గొడవ లేదు కాబట్టి సిగ్నల్ నిండుగా ఉంటుంది, ఫోన్లు వస్తాయి.

దీనికి సంస్థ ఎంచుకున్న మొదటి పరిష్కారం, సెట్టింగ్స్ ఎలా మార్చుకోవాలో చెప్పే లింకుని మెసేజ్‌గా పంపడం. నెట్ రాని ఫోన్‌లో ఆ లింకు తెరుచుకోదు. వైఫై ఉన్నవాళ్లకే పనికొచ్చింది. తర్వాత సిమ్ కవరులో కాగితం పెట్టారు. ఫోన్ కంపెనీకో తీరుగా మెనూలుంటాయి, ఒక కాగితం అందరికీ సరిపోదు. ఆ పైన సెట్టింగ్స్ నేరుగా ఫోన్‌లోకి చేరే కాన్ఫిగరేషన్ మెసేజ్ ప్రయత్నించాం. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు అందుకున్నాయి, కొన్ని పట్టించుకోలేదు. ఐఫోన్ అసలు తీసుకోదు.

ఈ మూడింటిలోనూ భారం చందాదారు మీదే ఉంది. ఏపీఎన్ అంటే ఏమిటో ఆయనకి తెలియాల్సిన పనేముంది? ఇక్కడ దారి మార్చాం. ఫోన్ తప్పు ఏపీఎన్ అడిగినా, చందాదారు రికార్డు చూసి సరైనది ఇచ్చేలా నెట్‌వర్క్ కోర్‌లోనే (కనెక్షన్లన్నీ నడిపే కేంద్ర వ్యవస్థలోనే) సవరణ పెట్టవచ్చు. ఆ సౌకర్యం పరికరాల్లో ఉంటుంది. కానీ అది మా చేతిలో లేదు, ఆతిథ్య నెట్‌వర్క్ చెయ్యాలి. మొదటిసారి అడిగితే కుదరదన్నారు. వాళ్లకి మేం చిన్న కొనుగోలుదారులం, మాకోసం కోర్‌లో చెయ్యి పెట్టడం ఇష్టం లేదు. మా చందాదారులు ఇబ్బంది పడుతున్నారని మొరపెట్టుకుంటే పని జరగదని అర్థమై, వాళ్ల లాభం వెతికాం. నిరాకరించిన ఫోన్ ఊరుకోదు, మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటుంది. ఆ అభ్యర్థనల భారం పడేది వాళ్ల కోర్ మీదే. కోడ్ 27 తిరస్కరణలు మా సిమ్‌ల నుంచి ఎంత వస్తున్నాయో వాళ్ల లాగుల నుంచే తీయించి ముందు పెట్టాం. వాళ్ల ఇంజనీర్లే తమ యాజమాన్యాన్ని ఒప్పించారు.

ఈలోపు కొత్త సిమ్‌ల ఆర్డర్‌లో జీఐడీ1 రాయించాం. పాత సిమ్‌ల నిల్వ పారేయాలా వద్దా అన్న చర్చ వచ్చింది. పారేయించాం. గిడ్డంగిలో ఉన్న సిమ్ ఖరీదు చాలా తక్కువ, దాని వల్ల వచ్చే ఒక్క కాల్ ఖరీదు ఎన్నో రెట్లు.

ఐఎంఈఐ తనిఖీ కూడా ఇక్కడే చేరింది. ఐఎంఈఐలోని 15 అంకెల్లో మొదటి 8 ఫోన్ మోడల్ చెబుతాయి. కాల్స్‌ని మోడల్ వారీగా పేర్చితే, కొన్ని మోడళ్లలో కాల్సే కలవడం లేదని తేలింది. పాత 3జీ నెట్‌వర్క్‌లు మూతపడిన చోట మాట్లాడాలంటే ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి) పనిచెయ్యాలి, పైగా ఆ మోడల్‌ని నెట్‌వర్క్ అనుమతించి ఉండాలి. అమెరికాలో 2022లో పెద్ద ఆపరేటర్లు 3జీ మూసేసినప్పుడు బాగా పనిచేసే ఫోన్లు కూడా కొన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. అందుకని సిమ్ అమ్మే ముందే స్టార్, హాష్, 06, హాష్ నొక్కి వచ్చిన నంబరు ఇవ్వమని అడగడం మొదలుపెట్టాం. పనికిరాని ఫోనైతే అమ్మం, కారణం చెప్పి పంపిస్తాం. అమ్మకాల విభాగం దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. మూడు వారాల్లో కోపంగా పోయే మనిషిని చేర్చుకోవడం అమ్మకం కాదన్నదే నా వాదన. ఇందులో ఇప్పటికీ నాకు రెండో మాట లేదు.

నంబర్ పోర్టింగ్

పాత నంబరు తెచ్చుకోగలగడమే చౌక సర్వీసులకి ప్రాణం. సింగపూర్ 1997లోనే పోర్టబిలిటీ తెచ్చింది, బ్రిటన్ 1999లో, అమెరికా 2003లో. అది లేని రోజుల్లో చౌక సిమ్ రెండో సిమ్‌గానే మిగిలేది. మా గుంపుల లెక్కలో కూడా, పాత నంబరు తెచ్చుకున్నవాళ్లు కొత్త నంబరు తీసుకున్నవాళ్ల కన్నా ఎంతో ఎక్కువ కాలం ఉంటున్నారు. కానీ పోర్టింగ్ మధ్యలో ఇరుక్కున్నవాళ్లు అందరికన్నా త్వరగా పోతున్నారు.

తిరస్కరణలు తీసి చూస్తే చాలావరకు ఫారం దగ్గర పుట్టినవే. పాత ఆపరేటర్ దగ్గరి ఖాతా నంబరు రాయాల్సిన గడిలో సిమ్ మీద అచ్చయిన నంబరు రాస్తున్నారు. పాత ఖాతా ఇంట్లో ఇంకొకరి పేరు మీద ఉంటే తమ పేరు రాస్తున్నారు. పిన్ అడిగిన చోట ఫోన్ తెరిచే పిన్ ఇస్తున్నారు. అన్నిటికన్నా ఘోరం, కొత్త సిమ్ వచ్చిందని పాత కనెక్షన్ ముందే రద్దు చేయించుకోవడం. రద్దయిన నంబరుని పోర్ట్ చెయ్యలేం. ఎన్నో ఏళ్ల నంబరు పోగొట్టుకున్న మనిషికి ఎంత క్షమాపణ చెప్పినా చాలదు.

ఫారం సరిచేయడం తేలికే. సిమ్ నంబరు 89తో మొదలై 19 లేదా 20 అంకెలుంటుంది. ఖాతా గడిలో అలాంటిది పడితే అక్కడే ఆపి 'ఇది సిమ్ నంబరు, బిల్లు మీదున్న ఖాతా నంబరు కావాలి' అని చెప్పించాం. పాత కనెక్షన్ రద్దు చేయొద్దన్న హెచ్చరికని షరతుల అడుగు నుంచి తీసి ఫారం తల మీద పెట్టాం.

వరుస మార్చడం దగ్గర మాత్రం బాగా ఆలోచించాల్సి వచ్చింది. అప్పటిదాకా సిమ్ కొనేటప్పుడే పోర్టింగ్ వివరాలు అడిగేవారు, అన్నీ ఒకేసారి జరిగేవి. నెట్ రాకపోయినా, కాల్స్ కలవకపోయినా అప్పటికే అసలు నంబరు ఇటొచ్చేసి ఉండేది. మనిషి కంగారుపడతాడు కదా, బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరది. కొత్త వరుసలో ముందు తాత్కాలిక నంబరుతో సిమ్ యాక్టివేట్ అవుతుంది. చందాదారు ఒక కాల్ చేసి, నెట్ తెరిచి చూసుకుంటాడు. ఆ రెండూ జరిగినట్టు మా సిస్టమ్‌లో కనిపించాకే పోర్టింగ్ ఫారం తెరుచుకుంటుంది. దీనికి ప్రమాదం ఒకటుంది: కొందరు తాత్కాలిక నంబరుతోనే ఆగిపోయి, అసలు నంబరు తేకుండా జారిపోవచ్చు. నిజంగానే కొందరు అలా పోయారు. అయినా వరుస మార్చలేదు, ఎందుకంటే పోర్ట్ చేసినవాళ్లలో నిలిచినవాళ్ల వాటా స్పష్టంగా పెరిగింది, పోర్టింగ్ కాల్స్ పడిపోయాయి. పని దినం ఉదయమే పోర్టింగులు పంపడం కూడా మొదలుపెట్టాం. తిరస్కరణ వస్తే సరిచేయడానికి అటూ ఇటూ మనుషులు ఆఫీసులో ఉంటారు.

భద్రత కోసం ఒక మాట. పోర్టింగ్ తేలిక చేస్తే దొంగలకీ తేలికవుతుంది. అందుకే మా దగ్గర్నుంచి బయటికి పోయే నంబర్లకి, ఆ ఫోన్‌కే వచ్చే ఓటీపీ తప్పనిసరి చేశాం. వెళ్లేవాళ్లని అడ్డుకోవడం మా ఉద్దేశం కాదు. నిజమైన యజమానే అడుగుతున్నాడని తేలితే అప్పటికప్పుడు పంపిస్తాం.

కమీషన్, టోకు ఒప్పందం

మొదటి వారం కుదుటపడ్డాకే డీలర్ల జోలికి వెళ్లాం. ముందే వెళ్లుంటే నెట్ రాని సిమ్‌ల పాపం కూడా డీలర్ల నెత్తిన పడేది. కమీషన్‌ని మూడో రీచార్జ్‌కి మార్చాం, మొత్తం మాత్రం పెంచాం. కొందరు డీలర్లు వదిలేశారు. కొత్త కనెక్షన్ల లెక్క ఒక్కసారిగా పడింది. బోర్డు భయపడి పాత పద్ధతికి తిరిగిపోదామంది. అప్పుడు ఐఎంఈఐ లెక్క మళ్లీ పెట్టి చూపించాం. పోయినవి ఎక్కువగా అవే ఫోన్లలో తిరిగే సిమ్‌లు. నిజమైన కొత్త ఫోన్ల సంఖ్య దాదాపు తగ్గలేదు. ఆ ఒక్క పట్టిక లేకపోతే బోర్డు ఆగేది కాదు. తర్వాత పాత చందాదారులే కొత్తవాళ్లని తెస్తే ఇద్దరికీ రీచార్జ్‌లో జమ ఇచ్చే పద్ధతి పెట్టాం, అదీ మూడో రీచార్జ్ తర్వాతే. ఇలా వచ్చినవాళ్లు అందరికన్నా బాగా నిలిచారు. తెచ్చినవాళ్లే సెట్టింగ్స్ గొడవలు పక్కన కూర్చుని సరిచేస్తున్నారు, కేర్‌కి కాల్ రావడం లేదు.

ఆరు నెలల ముందస్తు ప్లాన్ కూడా ఇదే వరుసలో, ఆలస్యంగా తెచ్చాం. ఆ ప్లాన్‌తో డబ్బు ముందే చేతికొస్తుంది కాబట్టి యాజమాన్యం మొదటి రోజు నుంచీ అదే అడిగింది. నెట్ రాని మనిషి దగ్గర ఆరు నెలల డబ్బు పట్టుకుంటే రీఫండ్ గొడవలు తప్ప ఏమీ మిగలదు. అందుకే ఆపాం. మొదట్లో రెండు సార్లు రీచార్జ్ చేసినవాళ్లకే ఆ ప్లాన్ చూపించాం.

అన్‌లిమిటెడ్ తీసేసి, కొంత డేటా పూర్తి వేగంతో, ఆ పైన తక్కువ వేగంతో ఇచ్చే ప్లాన్లు పెట్టాం. వాడకం రికార్డులు త్వరగా పంపేలా నెట్‌వర్క్‌తో ఒప్పుకున్నాకే అది సాధ్యమైంది. వాడకం ఒక పద్ధతిలోకి వచ్చాక టోకు ఒప్పందం మళ్లీ మాట్లాడాం: విడివిడి మెగాబైట్లకి బదులు మొత్తం చందాదారులకి కలిపి ఒక ఉమ్మడి డేటా కోటా. తక్కువ వాడేవాళ్ల మిగులు ఎక్కువ వాడేవాళ్లకి సర్దుబాటు అవుతుంది. చందాదారులు నెలకోసారి మారిపోయే సంస్థకి ఎవరూ ఇలాంటి ఒప్పందం ఇవ్వరు. నిలకడ కనిపించింది కాబట్టే ఇచ్చారు. ధర తగ్గింపు ఆ తర్వాత చేశాం, ఈసారి అది టోకు బిల్లు తగ్గుదలలోంచి వచ్చింది.

రద్దీ వేళ మా చందాదారుల డేటాకి నెట్‌వర్క్ తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. 4జీలో దీనికి వర్గాల సంఖ్యలుంటాయి. ఆతిథ్య నెట్‌వర్క్ తన ఖరీదైన ప్లాన్లని 8లో, ఎంవీఎన్‌ఓలని 9లో పెట్టడం లాంటివి జరుగుతాయి. టవర్ ఖాళీగా ఉంటే తేడా తెలియదు, కిక్కిరిస్తే తెలుస్తుంది. 'అదే నెట్‌వర్క్, సగం ధర' అన్న ప్రకటన మాన్పించి, ఈ సంగతి ప్లాన్ వివరాల్లోనే రాయించాం. దీనివల్ల ఎంతమంది కొనకుండా పోయారో కొలవలేదు. కానీ వేగం మీద వచ్చే ఫిర్యాదు కాల్స్‌లో తిట్లు తగ్గి, ప్రశ్నలు మిగిలాయి.

ఇప్పటి పరిస్థితి

సంస్థ పెరుగుతోంది. పెరుగుదల గీత నిట్టనిలువుగా లేదు, నింపాదిగా ఉంది, ఎక్కువ భాగం పోయేవాళ్లు తగ్గడం వల్ల వచ్చింది. కస్టమర్ కేర్ మనుషుల్ని తీసేయలేదు. కాల్స్ తగ్గాక వాళ్లలో కొందరిని పోర్టింగ్ తిరస్కరణలు చూసే పనికి మార్చారు. ఖాళీ జాగా కనిపెట్టిన ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడే ఉంది.

రెండు విషయాలు ఇంకా తేలలేదు. ఒకటి ఆతిథ్య నెట్‌వర్క్‌తో ఒప్పందం గడువు. బాగా పెరిగిన చౌక సంస్థల్ని నెట్‌వర్క్‌లే కొనేయడం మామూలైంది. ట్రాక్‌ఫోన్‌ని వెరైజన్ 2021లో కొన్నది, మింట్ మొబైల్ మాతృసంస్థని టీ-మొబైల్ 2024లో కొన్నది. అమ్మకపోతే ఆతిథ్య నెట్‌వర్క్ సొంత చౌక బ్రాండు దించవచ్చు. ఇంకో నెట్‌వర్క్‌తో కూడా ఒప్పందం ఉంటే బేరానికి బలం వస్తుందని నేను చెప్పాను. అందుకు కొత్త సిమ్‌లు, కొత్త ఏపీఎన్ పనులు, మళ్లీ మొదటి వారం గొడవలు. యాజమాన్యం ఇంకా తేల్చుకోలేదు.

రెండోది ఈసిమ్, అంటే ప్లాస్టిక్ సిమ్ లేకుండా ఫోన్‌లోకే దించుకునే సిమ్. 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14లో సిమ్ ట్రే తీసేశాక ఇది పక్కదారి కాకుండా పోయింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నిమిషాల్లో కనెక్షన్. సిమ్ పంపే ఖర్చు లేదు, పాత ఆపరేటర్ ప్రొఫైల్ ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి భయం లేదు. అదే కారణంగా వెళ్లిపోవడమూ అంతే తేలిక. మూడో రీచార్జ్ దాటితే నిలుస్తారన్న మా లెక్క ప్లాస్టిక్ సిమ్ రోజుల్లో తేలినది. ఈసిమ్‌తో చేరినవాళ్లని ఇప్పుడు వేరే గుంపుగా పెట్టి, వారం వారం అదే పట్టిక వేస్తున్నాం. వాళ్ల గీత చదునయ్యేది మూడో రీచార్జ్ దగ్గరా, ఐదో రీచార్జ్ దగ్గరా అన్నది తేలేదాకా ఈసిమ్ అమ్మకాలకి కమీషన్ పద్ధతి ఖరారు చేయొద్దని చెప్పాను.